వైరు టైమర్ రిమోట్ రివ్యూ: పగటి నుంచి రాత్రికి టైమ్‌లాప్స్ తీస్తే ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు

అమ్మేచోట దీని పేరు టైమర్ రిమోట్, ఫొటోగ్రాఫర్ల నోట ఇంటర్వెలోమీటర్. కెమెరాకి వైరుతో తగిలిస్తే చెప్పిన ఎడంలో షట్టర్ నొక్కే ఇది, కెనాన్ వాళ్ళ టీసీ-80ఎన్3 రిమోట్‌ని చూసి అచ్చుపోసినట్టుండే నల్లటి పెట్టె. చిన్న ఎల్‌సీడీ తెర, బొటనవేలికి అందే పెద్ద షట్టర్ బటన్, నాలుగు వైపులా నొక్కే మీట, వెనకాల రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు. పెట్టె మీద రకరకాల పేర్లుంటాయి కానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. ఆన్‌లైన్‌లో సుమారు వెయ్యి, పదిహేను వందల మధ్య దొరుకుతుంది. అందుకే బ్రాండు ఊసెత్తకుండా ఆ రకం మొత్తానికి కలిపి రాస్తున్న రివ్యూ ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాం. సెకన్లు లెక్కపెట్టి షట్టర్ నొక్కడం వరకు దీనికి వంక పెట్టనక్కర్లేదు. పగలు రాత్రిగా మారే టైమ్‌లాప్స్‌కి (ఎడం ఎడంగా తీసిన ఫొటోలని కలిపి చేసే వేగపు వీడియోకి) మాత్రం ఇది సగం పనిముట్టే. వెలుతురు ఎంత తగ్గిందో దీనికి తెలీదు, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు మోతాదు) మార్చే తీగ ఇందులో లేనే లేదు. ఆ సగం చేత్తోనో ఇంకో సాధనంతోనో పూడ్చుకోవాలి. రిమోట్ పాడైందనిపించే సందర్భాల్లో చాలావాటికి కారణం సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

ముందు పిన్ను చూడండి

‘కెనాన్‌కి సరిపోతుంది’, ‘నికాన్‌కి సరిపోతుంది’ అన్న మాట నమ్మి ఆర్డరు పెట్టకండి. కెనాన్ 1500డీ, 80డీ లాంటివాటికి సన్నటి 2.5 మిల్లీమీటర్ల జాక్, దాన్ని ఈ3 అంటారు. 5డీ, 7డీ కుటుంబానికి ఎన్3, అది మూడు పిన్నులతో టక్కున బిగుసుకుంటుంది. నికాన్ డీ5600, డీ7500లకి డీసీ2 పిన్ను. డీ850కి గుండ్రటి పది పిన్నుల మర కనెక్టర్. సోనీ ఏ6400కి మల్టీ టెర్మినల్. ఇక నికాన్ డీ3500కి అసలు వైరు పెట్టుకునే చోటే లేదు, దానికి ఏ వైరు రిమోటూ పనికిరాదు.

వైరు విడిగా ఊడివచ్చే మోడల్ దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఈ రిమోట్లలో మొదట చచ్చేది వైరే, అదీ పెట్టె నుంచి బయటికొచ్చే మెడ దగ్గర. వైరు అతికించేసిన మోడల్ అయితే మొత్తం పారెయ్యాలి, లేదా సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడి చేత టంకం వేయించుకోవాలి.

లోపల ఉండేవి మూడు తీగలే. ఒకటి గ్రౌండు, ఒకటి ఫోకస్, ఒకటి షట్టర్. కెనాన్ 2.5 మిల్లీమీటర్ల జాక్‌లో మొదలు భాగం గ్రౌండు, మధ్య ఉంగరం ఫోకస్, కొన షట్టర్. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక ముల్లు మొదట్లో, ఇంకోటి ఉంగరం మీద ఆనించండి. బటన్ సగం నొక్కితే బీప్ రావాలి. ముల్లు కొనకి మార్చి పూర్తిగా నొక్కితే అక్కడా రావాలి. రెండూ వచ్చి, వైరు వంచినప్పుడు బీప్ తెగకుండా ఉంటే రిమోట్ బాగున్నట్టే. ఆ తర్వాత వెతకాల్సింది కెమెరాలో.

ఇంటర్వెల్ అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి?

తెర మీద నాలుగు గడులుంటాయి. డిలే అంటే మొదటి ఫొటోకి ముందు ఎంతసేపు ఆగాలో. లాంగ్ అంటే బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకోవాలో. ఇంటర్వెల్ అంటే ఎడం. ఎన్ అంటే ఎన్ని ఫొటోలో. పక్కనున్న సంగీతపు గుర్తు బీప్ కోసం, గుడి పరిసరాల్లో దాన్ని ఆపేయడం మర్యాద.

తలనొప్పంతా మూడో గడితోనే. కొన్ని పెట్టెల్లో ఇంటర్వెల్‌ని ఒక ఫొటో మొదలు నుంచి తర్వాతి ఫొటో మొదలు వరకు లెక్కిస్తారు. ఇంకొన్నిట్లో బటన్ వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ నొక్కేవరకు. పైకి రెండూ కవలల్లా ఉంటాయి, మాన్యువల్‌లోనూ తేడా రాయరు. మీ చేతిలో ఉన్నది ఏ జాతిదో ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. కెమెరాని బల్బ్ మోడ్‌లో (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే మోడ్) పెట్టండి. లాంగ్ 4 సెకన్లు, ఇంటర్వెల్ 5 సెకన్లు, ఎన్ 10 పెట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో మొదటి ఫొటో మొదలు నుంచి పదో ఫొటో మొదలు వరకు కొలవండి. మధ్యలో తొమ్మిది ఎడాలు. 45 సెకన్లు వస్తే మొదలు నుంచి మొదలుకి లెక్కించే రకం. 81 వస్తే వదిలినప్పటి నుంచి లెక్కించే రకం.

ఇది తెలీకుండా రాత్రికి బల్బ్‌లో లాంగ్ 20, ఇంటర్వెల్ 25 పెడితే రెండో రకంలో ఫొటోకి ఫొటోకి మధ్య 45 సెకన్లు పడుతుంది. మబ్బులు ఎగిరెగిరి దూకుతాయి, చుక్కల దారుల్లో కంతలు పడతాయి. మొదటి రకంలో దీనికి ఎదురు గొడవ. లాంగ్ 5, ఇంటర్వెల్ 5 అంటే బటన్ వదలడానికి టైమే లేదు. ఒకే ఫొటో తీసి నిలబడిపోతుంది, మనం రిమోట్‌ని తిట్టుకుంటాం.

కెమెరా ఎం (మాన్యువల్) మోడ్‌లో ఉన్నప్పుడు ఫొటో నిడివి కెమెరాదే, రిమోట్ మీట నొక్కితే చాలు. అప్పుడు లాంగ్ 1 సెకను పెట్టండి. సున్నా పెడితే కొన్ని పెట్టెలు అసలు నొక్కవు, కొన్ని నొక్కేది ఎంత తక్కువసేపంటే కెమెరా పట్టించుకోదు. లాంగ్ 1 పెట్టి, కెమెరా డ్రైవ్ మోడ్‌ని వరసగా ఫొటోలు తీసేదాంట్లో వదిలేస్తే ఇంకో చిక్కు. పగటి వెలుగులో ఆ ఒక్క సెకనులో మూడు నుంచి ఐదు ఫొటోలు పడతాయి. సాయంత్రం షట్టర్ నెమ్మదించాక ఒకటే పడుతుంది. వీడియోలో పగలు నత్తలా నడిచి, రాత్రి ఒక్కసారి పరుగెత్తినట్టు కనపడేది అందుకే. సింగిల్ షాట్‌లో పెట్టండి.

అంకె మార్చాక సెట్ నొక్కకపోతే అది అలా మిణుకుమంటూనే ఉంటుంది, పాత అంకే లెక్కలోకి వస్తుంది. పాత డిలే మిగిలిపోయినా అంతే. ముందటి షూట్‌లో పెట్టిన గంట డిలే లోపలే ఉండి, స్టార్ట్ నొక్కాక చడీచప్పుడు లేకుండా వెనక్కి లెక్కపెట్టుకుంటుంది. ప్రతిసారీ నాలుగు గడులూ తిప్పి చూసుకోవడమే మందు.

కళింగపట్నం ఒడ్డున లెక్క

మన తీరం తూర్పు ముఖం. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊరి వెనక దిగుతాడు. సూర్యాస్తమయమే కావాలంటే వంశధార వైపు చూసే శాలిహుండం కొండ మీదికో, విజయనగరం వాళ్ళైతే పడమట కొండలున్న తాటిపూడి జలాశయానికో వెళ్ళడం మేలు. కళింగపట్నంలో సాయంత్రం సముద్రం వైపే పెట్టినా నష్టం లేదు. పొద్దు గుంకగానే తూర్పున నీలం బూడిద రంగులో భూమి నీడ, దాని మీద గులాబీ పట్టీ పైకి జరుగుతాయి. పున్నమి నాడైతే దాదాపు అదే వేళకి చంద్రుడు లేస్తాడు. లైట్‌హౌస్‌ని ఫ్రేములో పెట్టుకుంటే ఒక్క జాగ్రత్త. దాని మెరుపుల మధ్య ఎడం కన్నా షట్టర్ నిడివి తక్కువైతే, మెరుపు కొన్ని ఫ్రేముల్లో పడి కొన్నిట్లో పడక పిచ్చిపిచ్చిగా మిణుకుతుంది. షట్టర్ ఆ ఎడం దాటాక ప్రతి ఫ్రేములోనూ పడి సర్దుకుంటుంది.

పొద్దు గుంకడానికి అరగంట ముందు ఎఫ్/4 (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె), ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 100తో షట్టర్ 1/1000 సెకను దగ్గర ఉంటుంది. చంద్రుడు లేని రాత్రి పూర్తిగా చీకటి పడ్డాక అదే ఎఫ్/4కి 15 సెకన్లు, ఐఎస్‌ఓ 1600 కావాలి. ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం. షట్టర్‌లో దాదాపు 14 స్టాపులు, ఐఎస్‌ఓలో 4, మొత్తం 18. కెమెరా డయల్ ఒక టక్కు తిప్పితే మూడో వంతు స్టాపు గనక 54 టక్కులు. శ్రీకాకుళం అక్షాంశంలో పొద్దు గుంకాక పూర్తి చీకటికి సుమారు 75 నుంచి 80 నిమిషాలు. పొద్దు కనపడినంతసేపూ వెలుతురు నెమ్మదిగానే తగ్గుతుంది. ఆ తర్వాత మాత్రం బేగి పడిపోతుంది, రమారమి మూడు నిమిషాలకో స్టాపు. అంటే నిమిషానికో టక్కు. ఆ ముప్పావుగంట కెమెరా వదిలి టీ తాగడానికి వెళ్ళడం కుదరదు. గుంకే వేళ కూడా ఏడాది పొడవునా ఒకలా ఉండదు. డిసెంబరులో ఐదుంబావు దాటగానే, జూన్‌లో ఆరున్నరకి.

ఈ షూట్‌కి 20 సెకన్ల ఇంటర్వెల్ చాలు. 15 సెకన్లని కెమెరా చెప్పేది నిజానికి 16. అది పోగా మిగిలిన నాలుగు సెకన్లలో కార్డు మీద రాయడం, మనం టక్కు తిప్పడం రెండూ అయిపోవాలి. ఈ గుండ్రపు అంకెల మోసం 30 సెకన్ల దగ్గర ఇంకా పెద్దది. చాలా కెమెరాల్లో అది 32 సెకన్లు. ఇంటర్వెల్ 31 పెడితే రెండో పిలుపు వచ్చేసరికి షట్టర్ ఇంకా తెరిచే ఉంటుంది, ఆ పిలుపు గాల్లో కలిసిపోతుంది. రిమోట్ తిరిగి అడగదు, తన లెక్కలో ఒక ఫొటో కొట్టేసినట్టు రాసుకుని ముందుకెళ్తుంది. చివర్లో ఎన్ 300 అని చూపిస్తూ కార్డులో 150 ఫొటోలుంటే కారణం ఇదే, లేదా దీని అన్న అయిన నాయిస్ రిడక్షన్ (ఫొటోలో పడే రంగు చుక్కలని తగ్గించే సెట్టింగు). లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే 15 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా మరో 15 సెకన్లు చీకటి ఫ్రేము తీస్తూ తలుపులు మూసుకుంటుంది. పగలు అంతా సవ్యంగా నడిచి, రాత్రయ్యాక ఫ్రేములు సగానికి సగం పోయాయంటే ముందు ఈ మెనూ తెరవండి.

పొద్దు గుంకే అరగంట ముందు నుంచి గుంకిన 80 నిమిషాల వరకు 110 నిమిషాలు. 20 సెకన్లకొకటి చొప్పున 330 ఫ్రేములు, సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో 13 సెకన్లు. పగలు 10 సెకన్లకి తీసి చీకటి పడ్డాక 20కి మారుద్దామని చాలామందికి తోస్తుంది. మార్చిన చోట మబ్బుల వేగం ఒక్కసారిగా రెట్టింపవుతుంది, ఎడిటింగ్‌లో దాచడం కష్టం. మొదట్నుంచీ రాత్రికి సరిపడే ఇంటర్వెల్‌తోనే నడపండి.

టక్కులు తిప్పేటప్పుడు కార్డు లైటు ఆరాకే చెయ్యి పెట్టండి. ఏ టక్కు ఎప్పుడన్నది గడియారం చూసి చేసే పని కాదు. హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగునీడల గ్రాఫు) ఎడమకి జరుగుతుంటే ఒక టక్కు. రాత్రి నుంచి పగటికి తీసేవాళ్ళకి ఇదే తిరగేసి, కానీ ముందుగా. తెల్లవారుజామున ఆలస్యం చేస్తే ఆకాశం తెల్లబోతుంది, తెల్లబోయిన దాంట్లోంచి ఏ సాఫ్ట్‌వేరూ రంగు తీసుకురాలేదు. అర స్టాపు చీకటి వైపే ఉంచుకోండి.

గంటస్తంభం దగ్గర లెక్క వేరు

విజయనగరం గంటస్తంభం కూడలి లాంటి చోట వీధిదీపాలు వెలిగాక వెలుతురు ఒక మట్టం దగ్గర ఆగిపోతుంది, కిందికి దిగదు. 18 స్టాపుల బదులు పదితో పని అయిపోతుంది, షట్టర్ ఒకటి రెండు సెకన్లు దాటదు. బండ్లు, జనం కదిలే చోట 6 సెకన్ల ఇంటర్వెల్ అందంగా ఉంటుంది. 110 నిమిషాలకి 1100 ఫ్రేములు.

ఇక్కడే ఈ పెట్టె ఒక దొంగదెబ్బ తీస్తుంది. ఈ రకం టైమర్లలో ఎక్కువవాటికి ఎన్ గరిష్ఠం 399. 6 సెకన్ల లెక్కన దాదాపు 40 నిమిషాలకి ఆగిపోతుంది, సరిగ్గా దీపాలు వెలిగి ఆకాశం నీలంగా మారే వేళకి. 399 దాటి ఇంకో నొక్కు నొక్కితే, లేదా 1 నుంచి వెనక్కి పోతే, రెండు గీతలు కనపడతాయి. ఆ గీతలంటే ఆపేవరకు ఆగకు అని. టైమ్‌లాప్స్‌కి ఎప్పుడూ గీతలే. స్తంభం మీది గడియారం ముల్లు నడుస్తున్న రోజైతే ఇంకో లాభం. ఫ్రేము పోయిన చోట నిమిషాల ముల్లు గంతేస్తుంది, తప్పు ఎక్కడ జరిగిందో వీడియోనే చూపిస్తుంది.

వీధిదీపాల కింద 1/100 కన్నా వేగంగా తీస్తే 50 హెర్ట్జ్ కరెంటు మిణుకు ఫ్రేముకో రకంగా పడుతుంది. చీకటి పడేకొద్దీ షట్టర్ ఎలాగూ నెమ్మదిస్తుంది గనక సంజె దాటితే బెంగ లేదు.

నొక్కినా నొక్కనట్టు ఉంటే

ఆటోఫోకస్ వదిలేసి ఉంటే పగలంతా బాగా నడిచి, మసక పడగానే లెన్సు ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఫోకస్ దొరక్క ఫొటో తీయదు. పగలే ఫోకస్ చేసుకుని మాన్యువల్‌లోకి మార్చి, ఫోకస్ ఉంగరానికి టేపు వేసేయండి. మిర్రర్ లాకప్ ఆన్‌లో ఉంటే ఒక నొక్కుకి అద్దం లేస్తుంది, రెండో నొక్కుకి ఫొటో పడుతుంది. ఫ్రేములు కచ్చితంగా సగమే ఉంటే అదీ ఒకసారి చూడాలి. ఆటో పవర్ ఆఫ్ ఒక నిమిషం ఉండి ఇంటర్వెల్ అంతకన్నా ఎక్కువైతే, రిమోట్ నొక్కు కెమెరాని లేపడానికే సరిపోతుంది, ఫొటో రాదు. దాన్ని డిజేబుల్ చేయండి.

సముద్రపు గాలికి వేలాడే రిమోట్ ఊగి, జాక్‌ని పట్టి లాగుతూ ఉంటుంది. ఎన్3 పిన్నుకి తాళం ఉంది, 2.5 జాక్‌కి లేదు. అర మిల్లీమీటరు బయటికొస్తే చాలు, ఫోకస్ తీగ అంటుకుని షట్టర్ తీగ అంటదు. రిమోట్‌ని ట్రైపాడ్ కాలికి వెల్క్రోతో కట్టి, వైరుని కెమెరా పక్కన చిన్న మడత పెట్టి టేపు వేయండి. షట్టర్ బటన్ ముందుకి జరిపితే లాక్ అవుతుంది, సంచిలో దానంతటదే జరిగిపోయి స్టార్ట్ నొక్కకముందే కెమెరా బల్బ్‌లో తెరుచుకుని కూర్చున్న సందర్భాలుంటాయి. ఒడ్డు నుంచి వచ్చాక జాక్ కొనని పొడిగుడ్డతో తుడవకపోతే ఉప్పు పట్టి కొన్నాళ్ళకి పచ్చబడుతుంది.

కెనాన్ 1500డీ బ్యాటరీ 860 ఎంఏహెచ్. వ్యూఫైండర్‌తో తీస్తే కంపెనీ లెక్క 500 ఫొటోలు. లైవ్ వ్యూ (వెనక తెర మీద చూస్తూ తీయడం), పొడవాటి ఎక్స్‌పోజర్లు కలిస్తే అంత రావు. గంటస్తంభం దగ్గరి 1100 ఫ్రేములకి మధ్యలో బ్యాటరీ మార్చక తప్పదు, మార్చితే ఫ్రేము కదులుతుంది. డమ్మీ బ్యాటరీకి (బ్యాటరీ చోట పెట్టే వైరున్న దిమ్మకి) పవర్ బ్యాంక్ తగిలించడం దీనికి సరైన దారి. తీసిన ఫొటో తెర మీద చూపించే రివ్యూని ఆపేస్తే కొంత మిగులుతుంది. అలా ఆపినప్పుడు హిస్టోగ్రాం కోసం ప్లే బటన్ నొక్కి చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా వీడియో సన్నగా మిణుకుతుంటే అది రిమోట్ పాపం కాదు. లెన్సు రెక్కలు ప్రతి ఫొటోకీ మూసుకునేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఎఫ్/4 లెన్సుని ఎఫ్/4లోనే పూర్తిగా తెరిచి ఉంచితే ఆ రెక్కలు కదలవు. పగలు మరీ వెలుగైతే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే మసక అద్దం). ఏవీ మోడ్‌లో (షట్టర్ నిడివిని కెమెరానే ఎంచుకునే మోడ్) వదిలేసి తీసేవాళ్ళకి ఇంకో కారణం తోడవుతుంది. వెనక వ్యూఫైండర్ గుండా వీధిదీపం వెలుగు లోపలికి దూరి మీటర్‌ని తప్పుదారి పట్టిస్తుంది. కెమెరా బెల్టుకున్న రబ్బరు మూత అందుకే ఇచ్చారు, లేకపోతే నల్ల టేపు.

ఎవరు కొననక్కర్లేదు

మీ కెమెరాలో ఇంటర్వెల్ టైమర్ ఉంటే ఈ డబ్బు ఆదా. నికాన్ డీ5600లో ఉంది. కెనాన్‌లో 7డీ మార్క్ 2తో వచ్చింది, 80డీలోనూ ఉంది. 80డీలో 99 ఫొటోల వరకో, ఆపేవరకో ఎంచుకోవచ్చు. సోనీ ఏ6400 అయితే ఎక్స్‌పోజర్‌ని వెలుతురు వెంట ఎంత వేగంగా నడపాలో కూడా అడుగుతుంది, పగలు రాత్రికి అది ఈ రిమోట్ కన్నా చాలా మెరుగు. కానీ దాని ఇంటర్వెల్ 60 సెకన్లకి మించదు. టక్కులు తిప్పే ఓపిక లేని కెనాన్, నికాన్ వాళ్ళు ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో కెమెరా తగిలించి క్యూడీఎస్‌ఎల్ఆర్ డాష్‌బోర్డ్ యాప్‌లో ఎక్స్‌పోజర్ దానంతటదే మారేలా పెట్టుకోవచ్చు. చేత్తో తిప్పిన టక్కుల మెట్లని నున్న చేయడానికి ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ అనే సాఫ్ట్‌వేరు ఉంది. రా ఫైళ్ళు (కెమెరా ఇచ్చే ముడి ఫైళ్ళు) ఉంటేనే దాని పని బాగుంటుంది, జేపెగ్‌తో ప్రయత్నించకండి.

1500డీ లాంటి కెమెరా ఉన్నవాళ్ళకి మాత్రం ఈ పెట్టె సరసమైన బేరమే. ఇంకొక్కటి. ఈ రకంలో చాలావాటికి ఆఫ్ స్విచ్ ఉండదు, తెర మీద అంకెలు ఎప్పుడూ కనపడుతూనే ఉంటాయి. షూట్ అయ్యాక రెండు బ్యాటరీలూ తీసి పెట్టెలో విడిగా వేసుకోండి, లోపల వదిలేస్తే కారి స్ప్రింగులు తినేస్తాయి.